చలికాలంలో పెరటి కూరగాయలు: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా వెళ్లి వానలు తెరిపి ఇవ్వగానే పెరటి తోట, మిద్దె తోట ఉన్నవాళ్లకు అసలైన సీజన్ మొదలవుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా మన నేల మీద పండినన్ని రకాల కూరగాయలు ఏడాదిలో మరెప్పుడూ పండవు. అయినా ఈ నాలుగు నెలల్లోనే చాలామంది మొక్కలు పోగొట్టుకుంటారు. మన దగ్గర చలి నేరుగా మొక్కను చంపడం అరుదు. చలికి భయపడి మనం చేసే పనులే ఎక్కువ చేటు తెస్తాయి: సాయంత్రం పోసే నీళ్లు, అవసరం లేకుండా వేసే ఎరువు, గాలి తగలకుండా బిగించిన ప్లాస్టిక్ కవర్లు. తోటల వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

మా ప్రాంతంలో చలి ఎంత? అన్ని చోట్లా ఒకే జాగ్రత్తలు సరిపోతాయా?

సరిపోవు. విజయవాడ, రాజమహేంద్రవరం లాంటి కోస్తా ఊళ్లలో డిసెంబరులో కూడా రాత్రులు సాధారణంగా 17, 18 డిగ్రీల కిందికి పోవు. అక్కడ చలికాలం అంటే మొక్కలకు పండగే. హైదరాబాదులో మామూలుగా 14, 15 డిగ్రీల దగ్గర ఉండి, ఉత్తరపు గాలులు వీచిన రోజుల్లో 10కి దిగుతుంది. నగరం నడిబొడ్డు కంటే పటాన్‌చెరు, రాజేంద్రనగర్ లాంటి శివార్లలో రెండు మూడు డిగ్రీలు తక్కువే నమోదవుతుంది. కాబట్టి వార్తల్లో చెప్పిన నగర ఉష్ణోగ్రతను శివార్లలో ఉన్నవారు యథాతథంగా తీసుకోకూడదు.

ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల సంగతి వేరు. సిర్పూర్ (యు), తిర్యాణి ప్రాంతాల్లో చలిగాలుల రోజుల్లో 10 కంటే బాగా తక్కువకు పడిపోతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, లంబసింగి, అరకు వైపు కొన్ని రాత్రులు సున్నాకు చేరువవుతుంది, గడ్డి మీద తెల్లటి పొర పేరుకుంటుంది. మొక్కలను కప్పడం గురించి కింద రాసినదంతా ముఖ్యంగా ఈ ప్రాంతాల కోసమే. కోస్తాలో ఉన్నవారు ఆ భాగం చదవకుండా వదిలేసినా నష్టం లేదు.

ఇప్పుడు ఏమేమి విత్తుకోవచ్చు?

చలి కోరేవి: క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి, బఠాణీ, ఉల్లి, వెల్లుల్లి. ఆకుకూరల్లో పాలకూర, మెంతికూర, కొత్తిమీర, చుక్కకూర. వీటిని అక్టోబరు, నవంబరు నెలల్లో మొదలుపెడితే చాలావరకు సంక్రాంతికి వంటింట్లో ఉంటాయి. డిసెంబరు దాటాక క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు నాటడం నేను సలహా ఇవ్వను. గడ్డ కట్టే వేళకు ఎండలు ముదురుతాయి. పాలకూర, మెంతికూర మాత్రం జనవరి చివరి వరకు పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెంగా చల్లుకుంటూ పోవచ్చు.

చలిని ఓర్చుకునేవి: టమాటా, వంగ, మిరప. ఇవి వానాకాలం చివర్లో నాటి ఉంటే చలికాలమంతా కాస్తాయి.

చలి గిట్టనివి: బెండ, బీర, సొర, కాకర, పొట్ల, దోస, తోటకూర, బచ్చలి. కోస్తాలో వీటిని కూడా పండిస్తారు కానీ, తెలంగాణలో డిసెంబరులో విత్తితే పెరుగుదల కుంటుపడుతుంది.

విత్తన రకం చూసుకోవడం చాలా అవసరం. ముల్లంగిలో పూసా చేతకి వేడిని తట్టుకునే రకం, పూసా హిమానీ చలి రకం. రెండింటినీ తారుమారు చేస్తే గడ్డ సరిగా ఊరదు. క్యారెట్‌లో నాంటిస్, పూసా కేసర్, క్యాబేజీలో గోల్డెన్ ఏకర్, బఠాణీలో అర్కెల్, పాలకూరలో ఆల్ గ్రీన్ చాలాకాలంగా వాడుకలో ఉన్న రకాలు. ప్యాకెట్టు మీద తయారైన తేదీ చూడకుండా కొనవద్దు. ఉల్లి విత్తనం ఏడాది దాటితే మొలక శక్తి బాగా పడిపోతుంది.

బెండ విత్తనాలు వేసి రెండు వారాలైంది. ఒక్కటీ మొలవలేదు. విత్తనం చెడ్డదా?

విత్తనం మంచిదే అయ్యుండవచ్చు. మట్టి ఉష్ణోగ్రత 17 డిగ్రీల కంటే తగ్గితే బెండ దాదాపుగా మొలవదు, తడి మట్టిలో అలాగే నాని కుళ్లిపోతుంది. మళ్లీ విత్తాలంటే జనవరి చివరి దాకా ఆగండి. ఆగలేకపోతే విత్తనాలను రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి వంటింట్లో వెచ్చటి చోట ఉంచి, మొలక కనిపించాక కుండీలో పెట్టండి. మిరప, వంగ నారుకు కూడా ఇదే పద్ధతి. విత్తనం మొలకెత్తడానికి కావలసిన వెచ్చదనం వేరు, మొలిచిన మొక్క ఓర్చుకోగల చలి వేరు. మొలకను ఇంట్లో దాటించేస్తే సగం కష్టం తీరినట్లే.

చలికాలంలో నీళ్లు ఎప్పుడు పోయాలి, ఎన్ని పోయాలి?

నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే.

ఉదయం, ఎండ మొక్కను తాకాక పోయాలి. ఎనిమిదిన్నర, తొమ్మిది గంటల వేళ మంచిది. సాయంత్రం పోస్తే ఆకు తడి, పైమట్టి తడి రాత్రంతా ఆరవు. దానికి తెల్లవారుజామున కురిసే మంచు తోడవుతుంది. టమాటా ఆకుమాడు తెగులుకు, దోస, బీర తీగల మీద వచ్చే మజ్జిగ తెగులుకు కావలసింది సరిగ్గా ఆ తడే. ఆకుల మీద పడకుండా మొక్క మొదలు దగ్గరే పోయండి.

ఎన్ని పోయాలన్నది రోజులు లెక్కపెట్టి చెప్పే విషయం కాదు. మట్టిలో వేలు రెండు కణుపుల లోతుకు దించి చూడండి. వేలికి చల్లగా తగిలి మట్టి అంటుకుంటే ఆ రోజు నీళ్లు అక్కర్లేదు. మేలో రోజూ రెండుసార్లు తాగిన కుండీకి డిసెంబరులో రెండు మూడు రోజులకోసారి పోసినా సరిపోతుంది. పైమట్టి ఎండినట్లు కనిపించగానే పోసేయడం చాలామందికి అలవాటు. లోపల వేర్లు బురదలో ఉండి గాలి అందక కుళ్లుతుంటాయి. పైన ఆకులు వాడినట్లు వేలాడుతుంటే, దాహం అనుకుని మళ్లీ పోస్తాం. పొద్దున్నే కూడా ఆకులు వేలాడుతుంటే, మట్టి తడిగా ఉంటే, అది నీరెక్కువైన జబ్బు. కుండీ అడుగు రంధ్రాలు పూడుకుపోయాయేమో చూడండి. పుల్లతో ఒకసారి పొడిచి, కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెట్టండి.

ఇంకొక మాట. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు తెల్లవారేసరికి గడ్డకట్టినంత చల్లగా ఉంటాయి. బోరు నీళ్లు అప్పుడే పైకి తోడితే గోరువెచ్చగా ఉంటాయి, పొద్దున పూట వాటి నుంచి ఆవిరి లేవడం మీరు చూసే ఉంటారు. లేత నారుకు ఆ తాజా బోరు నీళ్లు మేలు. బోరు నీళ్లలో ఉప్పు శాతం ఎక్కువైతే మాత్రం కుండీ అంచున తెల్లటి పెట్టు కడుతుంది. అలాంటి చోట వారానికోసారైనా కుళాయిలో మంజీరా నీళ్లో, కృష్ణా నీళ్లో, ఏవి వస్తే అవి పోసి ఆ ఉప్పును కిందికి కడిగేయాలి.

వానాకాలంలో బాగా ఎండ తగిలిన చోటే ఇప్పుడు నీడ పడుతోంది. కుండీలు ఎక్కడ పెట్టాలి?

సూర్యుడు దక్షిణానికి వాలడం వల్ల ఇలా జరుగుతుంది. మిద్దె తోటల్లో ఎక్కువ మంది పట్టించుకోని విషయం ఇది. హైదరాబాదులో జూన్ నెలాఖరున మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన, కాస్త ఉత్తరంగానే ఉంటాడు. డిసెంబరు 21 ప్రాంతంలో దక్షిణం వైపు దిగిపోయి, నేలకు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే మీటరు ఎత్తున్న దక్షిణపు పిట్టగోడ నీడ, నడిమధ్యాహ్నం కూడా, మిద్దె మీదికి 86 సెంటీమీటర్ల మేర పరుచుకుంటుంది. ఉదయం, సాయంత్రం ఇంకా పొడవు. ఆ గోడ వారగా వరసగా పేర్చిన కుండీలు డిసెంబరంతా నీడలోనే గడుపుతాయి.

కాబట్టి దక్షిణపు పిట్టగోడ దగ్గరి కుండీలను ఒక మీటరు లోపలికి జరపండి, లేదా గోడ ఎత్తుకు వచ్చేలా స్టాండు మీద పెట్టండి. ఉత్తరం వైపున్న గోడ ముందు స్థలం చలికాలంలో బంగారం. పగలంతా ఎండ దానికి ఎదురుగా కొడుతుంది, వెనక గోడ ఉత్తరపు గాలిని ఆపుతుంది, పగలు పీల్చుకున్న వేడిని రాత్రి కొంతసేపు వదులుతుంది. టమాటా, మిరప, వంగ కుండీలను అక్కడికి చేర్చండి. రోజుకు నాలుగు గంటల ఎండ మాత్రమే దొరికే చోట పాలకూర, కొత్తిమీర, మెంతికూర పెట్టుకుంటే సరిపోతుంది. నల్లటి గ్రో బ్యాగులు ఎండకు త్వరగా వేడెక్కుతాయి. ఎండాకాలంలో వేర్లను ఉడికించే ఆ గుణమే ఇప్పుడు పనికొస్తుంది.

కొత్తిమీర ఎంత చల్లినా సగం కూడా మొలవడం లేదు.

ధనియం ఒక్క గింజలా కనిపించినా లోపల రెండు బద్దలుంటాయి. ఒక్కో బద్ద ఒక్కో మొక్క. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండుగా విడగొట్టండి, పొడి చేయకండి. రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరబెట్టి, అర అంగుళం లోతులో విత్తండి. వెచ్చటి రోజుల్లో వారం, పది రోజుల్లో మొలుస్తుంది. చలి ఎక్కువైతే రెండు వారాలు దాటవచ్చు, అంతవరకు ఓపిక పట్టాలి. కిరాణా దుకాణంలో వంటకు కొన్న ధనియాలు పాతవైతే మొలవవు. ఆ ఏడాది పంట ధనియాలు దొరికితే తెచ్చుకోండి.

పావురాలు, పిచ్చుకలు ఎక్కువగా వచ్చే మిద్దె అయితే మొలిచేదాకా పైన పాత దోమతెర పరచండి. మెంతుల మొలకలంటే పావురాలకు మరీ ఇష్టం.

క్యారెట్, బీట్‌రూట్ ఆకులు ఏపుగా ఉన్నాయి, కింద మాత్రం పీచులా ఉంటోంది.

నాలుగు కారణాల్లో ఏదో ఒకటి. మొదటిది, ఒత్తుగా ఉండటం. బీట్‌రూట్ గింజ అని మనం నాటేది నిజానికి రెండు, మూడు, నాలుగు గింజల గుత్తి. ఒకే చోట మూడు మొలకలు వస్తాయి. బలమైన ఒకదాన్ని ఉంచి మిగతావి గోటితో గిల్లేయాలి. ఆ లేత ఆకులు పప్పులో వేసుకోవచ్చు. క్యారెట్ మొక్కల మధ్య వేలి పొడవులో సగం దూరమైనా ఉండాలి.

రెండోది, నారు పోసి నాటడం. క్యారెట్, ముల్లంగిని నారు పోసి నాటకూడదు. తల్లివేరు తెగితే గడ్డ రెండు, మూడు కాళ్లుగా చీలుతుంది. మూడోది, పచ్చి పేడ, రాళ్లున్న మట్టి. వేరుకు అడ్డం తగిలిన చోటల్లా కొమ్మ వేస్తుంది. నాలుగోది, నత్రజని ఎక్కువ కావడం, ఎండ తక్కువ కావడం. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, అడుగు లోతున్న తొట్టిలో వేస్తే ఈ ఇబ్బందులు చాలావరకు ఉండవు.

ముల్లంగిని మాత్రం వేళకు పీకేయండి. నలభై, నలభై అయిదు రోజులు దాటితే గడ్డ బెండుబారిపోతుంది. క్యారెట్‌కు ఆ తొందర లేదు. చలి పెరిగేకొద్దీ మొక్క తనలోని పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది, ఆ చక్కెరే దానికి చలి నుంచి రక్షణ. పుష్య మాసంలో తవ్విన క్యారెట్, పాలకూర అంత తియ్యగా ఉండటానికి కారణం అదే.

టమాటా పూత రాలిపోతోంది. కాయలు కూడా పచ్చిగానే ఉండిపోతున్నాయి.

రాత్రి ఉష్ణోగ్రత 13 డిగ్రీల కంటే తగ్గితే టమాటా పూలలో పుప్పొడి సరిగా తయారుకాదు, పిందె నిలవదు. ఇందులో మందు చల్లి సాధించేది ఏమీ లేదు. నాలుగు రోజులు చలిగాలులు తగ్గగానే మళ్లీ నిలుస్తుంది. అంతవరకు ఉదయం పది, పదకొండు గంటల మధ్య, పువ్వు పొడిగా ఉన్నప్పుడు, కొమ్మను వేలితో మెల్లగా తట్టండి. ఉన్న పుప్పొడి రాలి కొన్నైనా పిందెలు కడతాయి.

కాయ అడుగున లేత గులాబీ రంగు తిరగగానే కోసి ఇంట్లో గంపలో పెట్టండి. చెట్టు మీద చలికి ముడుచుకుని ఉన్న కాయ కంటే ముందుగా, మంచి రంగుతో పండుతుంది. ఫ్రిజ్‌లో పెట్టవద్దు.

చిక్కుడు తీగ పందిరంతా కమ్మేసింది, ఒక్క పువ్వూ లేదు. పీకేయమంటారా?

పీకవద్దు. మన పాతకాలపు పందిరి చిక్కుడు రకాలు పగటి నిడివి తగ్గితే తప్ప పూతకు రావు. ఆషాఢంలో నాటినా, శ్రావణంలో నాటినా అవి చలికాలం కోసమే కాచుకుని ఉంటాయి. కార్తీకం నుంచి పూత మొదలై, పుష్యం, మాఘాల్లో విరగకాస్తాయి. రథసప్తమి నాడు చిక్కుడు కాయలతో రథం చేసి, చిక్కుడాకులో పరమాన్నం నైవేద్యం పెట్టే ఆచారం ఆ రోజుల్లో ప్రతి పెరట్లోనూ చిక్కుడు పందిరి నిండుగా ఉండేదని చెబుతోంది. ఏడాది పొడవునా కావాలనుకునేవారు బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా జయ్, అర్కా విజయ్ లాంటి పొద చిక్కుళ్లు వేసుకోవచ్చు. వాటికి పగటి నిడివితో పని లేదు. రుచిలో మాత్రం నా ఓటు పందిరి చిక్కుడుకే.

డిసెంబరు వచ్చినా పూత లేదంటే అది ఎరువు ఎక్కువై ఆకు మీద పడిన తీగ. ఎరువు ఆపండి, నీళ్లు తగ్గించండి, చివర్లు గిల్లండి.

పూత రాగానే వచ్చేది పేనుబంక. పూల కాడల చుట్టూ నల్లగా, మసి పూసినట్లు పట్టేస్తుంది. దగ్గరగా చూస్తే చీమలు బారులు తీరి ఉంటాయి. పేనుబంక విడిచే తియ్యటి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. మొదటి రెండు మూడు గుత్తుల్లో కనిపించినప్పుడే ఆ కాడలను తుంచి సబ్బు నీళ్లలో పడేయండి. తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, అది నీళ్లలో కలిసేందుకు కొంచెం సబ్బు ద్రావణం వేసి, ఎండ తీవ్రత లేని వేళ పిచికారీ చేయండి. అక్షింతల పురుగులు, వాటి ముదురు రంగు ముళ్ల పిల్ల పురుగులు కనిపిస్తే ఆ కొమ్మను వదిలేయండి. పేనుబంకను తినేది అవే. వంగ మొక్క మీద మసకగా, ఒంటినిండా ఎక్కువ చుక్కలతో ఉండి ఆకును జల్లెడ చేసే అక్షింతల పురుగు వేరు. దాన్ని ఏరేయాలి.

ఆకుల మీద తెల్లటి పొడి చల్లినట్లు వస్తోంది. ఏం చేయాలి?

అది బూడిద తెగులు. పగలు పొడి ఎండ, రాత్రి చలి ఉన్న రోజుల్లో బఠాణీ, బెండ, దోస జాతి తీగలు, మిరప మీద వస్తుంది. మిగతా తెగుళ్లలా దీనికి ఆకు తడి అవసరం లేదు, గాలి ఆడని ఒత్తైన తీగ చాలు. ముందుగా కింది పాత ఆకులు తీసి, తీగను పలచన చేయండి. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి చల్లడం ఎప్పటి నుంచో పనిచేస్తున్న మందు. మండే ఎండలో చల్లితే ఆకు మాడుతుంది, వేప నూనె చల్లిన రెండు వారాల లోపు కూడా వద్దు.

మందు వద్దనుకునేవారు పుల్లటి మజ్జిగ ఒక వంతు, నీళ్లు పది వంతులు కలిపి వారానికోసారి చల్లుతారు. పాలు కలిపిన నీళ్లు జుకినీ (గుమ్మడి జాతి కూరగాయ) మీది బూడిద తెగులును బాగా అదుపు చేశాయని 1999లో బ్రెజిల్ నుంచి పరిశోధన కూడా వెలువడింది. తెగులు మొదట్లోనే చల్లితే ఫలితం ఉంటుంది. ఆకంతా తెల్లబడ్డాక ఏ మజ్జిగా కాపాడదు.

క్యాబేజీ ఆకులన్నీ రంధ్రాలే. పురుగు మాత్రం కనిపించదు.

ఆకు తిప్పి చూడండి. సన్నగా, లేత ఆకుపచ్చగా, ముట్టుకుంటే మెలికలు తిరుగుతూ దారం మీద వేలాడే పురుగు కనిపిస్తుంది. డైమండ్ మచ్చల రెక్కల పురుగు అంటారు. రైతులు క్యాబేజీ పొలంలో 25 వరసలకు రెండు వరసల ఆవాలు వేస్తారు. తల్లి పురుగు ఆవాలనే ఎంచుకుని అక్కడే గుడ్లు పెడుతుంది. ఇంటి తోటలో నాలుగు క్యాబేజీ కుండీల పక్కన ఒక కుండీలో గుప్పెడు ఆవాలు చల్లండి, రెండు వారాల ముందే చల్లితే మరీ మంచిది. పురుగు పట్టిన ఆవ మొక్కలను పీకి పారేయండి.

ఇంటి అవసరానికి వేసే పది మొక్కలకు నేను సూచించేది చేత్తో ఏరడమే. రోజూ పొద్దున అయిదు నిమిషాలు చాలు. దానికి తోడు 5 శాతం వేప గింజల కషాయం, అంటే లీటరు నీటికి 50 గ్రాముల గింజల పొడి రాత్రంతా నానబెట్టి వడకట్టిన నీళ్లు, పది రోజులకోసారి.

కాలీఫ్లవర్ నిమ్మకాయంత పువ్వు వేసి ఆగిపోయింది.

మొక్క చిన్నగా ఉన్నప్పుడే దానికి కష్టం వచ్చిందని అర్థం. ముదిరిన నారు నాటడం, చిన్న కుండీ, మధ్యలో నీళ్లకు కరువు రావడం, ముందస్తు రకాన్ని ఆలస్యంగా వేయడం, వీటన్నిటికీ ఫలితం ఒకటే. ఇక ఆ పువ్వు పెరగదు, కోసుకోండి. నాలుగు నుంచి అయిదు వారాల వయసున్న నారునే నాటాలి. పువ్వు కోడిగుడ్డంత అయ్యాక చుట్టూ ఉన్న ఆకులను దగ్గరకు మడిచి దారంతో వదులుగా కట్టండి. ఎండ తగలకపోతే పువ్వు తెల్లగా ఉంటుంది.

టమాటా, క్యాబేజీ ఆకుల అడుగు భాగం ఊదా రంగుకు తిరుగుతోంది. భాస్వరం వేయాలా?

మట్టి చల్లబడితే అందులో భాస్వరం ఉన్నా వేరు తీసుకోలేదు. అందుకే ఆ రంగు. ఎండ తగిలే చోటికి మార్చి, నీళ్లు తగ్గించి వారం చూడండి. కొత్త ఆకు పచ్చగా వస్తుంటే ఏమీ వేయనక్కర్లేదు.

ఎరువు ఎలా వేయాలి?

కొద్ది కొద్దిగా. నాటేటప్పుడు కలిపిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి చాలా మొక్కలకు నెలన్నర వస్తాయి. ఆ తరువాత పదిహేను రోజులకోసారి కుండీకి ఒక గుప్పెడు వర్మీకంపోస్టు. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు ఆకుకూరలకు బాగా పనిచేస్తాయి. ఎండాకాలంలో రెండు రోజుల్లో పులిసేది ఇప్పుడు నాలుగైదు రోజులు తీసుకుంటుంది, పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి పులియబెట్టే జీవామృతం కూడా అంతే. పులిశాక పది వంతుల నీళ్లు కలిపి పోయాలి. పెరగని మొక్కకు ఎరువు వేయకూడదన్నది ఈ కాలంలో గుర్తుంచుకోవలసిన సంగతి. చలికి నిద్రపోతున్న మొక్క దాన్ని తినలేదు, వేర్లు మాడతాయి.

ఆదిలాబాద్, అరకు లాంటి చోట్ల రాత్రిపూట మొక్కలను ఎలా కాపాడాలి?

మబ్బు లేని, గాలి లేని రాత్రులే ప్రమాదం. పగలు నేల పీల్చుకున్న వేడి అడ్డం లేకుండా ఆకాశంలోకి పోతుంది. మబ్బు పట్టిన రాత్రి అంత భయం అక్కర్లేదు.

ఆ రోజు మధ్యాహ్నం లోపే మడిని తడపండి. పొడి మట్టి కంటే తడి మట్టి ఎక్కువ వేడిని దాచుకుంటుంది. ఉదయం నీళ్లు పోయాలన్న నియమాన్ని సడలించేది ఇక్కడ ఒక్కచోటే, అదీ ఆకు తడవకుండా. మొక్కల మొదళ్ల చుట్టూ వరిగడ్డి, ఎండాకులు మూడు అంగుళాల మందాన పరచండి. పొద్దు గూకకముందే నాలుగు కర్రలు పాతి, పైన పాత చీర గానీ, గోనెపట్టా గానీ నేల దాకా దిగేలా కప్పండి. కర్రలు ఎందుకంటే, గుడ్డ ఆకును అంటుకుంటే అంటుకున్న చోటే చలి దెబ్బ తగులుతుంది. ప్లాస్టిక్ అయితే ఇంకా ఎక్కువ. మొక్క మొదలుకు మాత్రమే చీర చుడితే ఉపయోగం లేదు, వెచ్చదనం వచ్చేది నేల నుంచి. ఎండ రాగానే తీసేయండి. తీయడం మరిచిపోతే లోపల తడి చేరి తెగులు పడుతుంది.

చలి కొట్టిన మొక్క ఆకులు ఉడికినట్లు నల్లబడతాయి. వెంటనే కత్తిరించకండి. ఆ మాడిన ఆకులే కింది చిగుళ్లకు కప్పుగా ఉంటాయి. చలి పూర్తిగా పోయాక, ఎక్కడి నుంచి చిగురు వస్తోందో చూసి దాని పైన కత్తిరించండి.

గోంగూర పెరగకుండానే పూతకు వచ్చేస్తోంది.

గోంగూర కూడా పగలు తగ్గితే పూసే మొక్కే. ఈ కాలంలో కొత్తగా విత్తినా జానెడు ఎత్తులోనే మొగ్గ వేస్తుంది. ఉన్న మొక్కలను పూయనిచ్చి విత్తనానికి వదిలేయండి. ఎర్ర గోంగూర అయితే కాయ చుట్టూ ఉండే పుల్లటి ఎర్రటి రేకలు పచ్చడికి పనికొస్తాయి. మళ్లీ ఫిబ్రవరి చివర విత్తుకోండి.

కరివేపాకు ఆకులు పసుపుబారి రాలుతున్నాయి. తులసి కూడా నల్లబడుతోంది.

రెండూ వెచ్చదనం కోరేవి, చలిలో విశ్రాంతి తీసుకుంటాయి. కరివేపాకుకు నీళ్లు సగానికి తగ్గించండి, ఎరువు ఆపండి, కొమ్మలు కత్తిరించకండి. ఫిబ్రవరి చివర్లో కొత్త చిగురు మొదలవగానే చివర్లు కత్తిరించి, పశువుల ఎరువు వేస్తే గుబురుగా వస్తుంది. తులసికి గింజ కట్టిన కంకులను ఎప్పటికప్పుడు తుంచేయాలి. గింజ ముదిరితే మొక్క తన పని అయిపోయిందనుకుంటుంది. కొన్ని కంకులను మాత్రం ఎండబెట్టి దాచుకోండి.

మేము అమెరికాలో ఉంటున్నాం. కరివేపాకు మొక్కను, గోంగూరను చలికాలం ఎలా దాటించాలి?

గోంగూరను దాటించాలని చూడవద్దు, విత్తనం దాచుకుని, వసంతంలో ఆఖరి మంచు గండం గడిచాక మళ్లీ విత్తుకోవడం తేలిక. కరివేపాకు కుండీని రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు, అంటే 50 ఫారన్‌హీట్‌కు దిగకముందే లోపలికి తెచ్చేయండి. తెచ్చే ముందు ఆకుల రెండు వైపులా నీటి ధారతో కడిగి, సబ్బు నీళ్లు చల్లండి. ఇంట్లో హీటర్ వల్ల గాలి పొడిబారి ఎర్ర నల్లి విజృంభిస్తుంది, బయట ఒక్కటి ఉంటే లోపల వందలవుతాయి. దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టండి, హీటర్ గాలి నేరుగా తగలకూడదు. ఆకులు రాలినా కొమ్మను గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది. నీళ్లు మట్టి పైభాగం బాగా ఎండాకే. కిటికీ గట్టు మీద చిన్న ట్రేలో మెంతులు చల్లుకుంటే మూడు వారాల్లో పప్పులోకి మెంతికూర చేతికొస్తుంది.

ఎండాకాలపు కూరగాయలు ఎప్పుడు మొదలుపెట్టాలి?

రథసప్తమి ప్రాంతంలో. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సొర, బీర, కాకర, దోస, బెండ విత్తండి. పొడవైన తీగలకు పాత చిక్కుడు పందిరినే వాడుకోవచ్చు, చిక్కుడు కాపు ముగిసేలోగా సొర తీగ పందిరి అందుకుంటుంది. క్యాబేజీ కోసిన కుండీలో మళ్లీ ఆవ, ముల్లంగి లాంటి అదే జాతి మొక్కలు వేయకండి. మట్టిని తిరగేసి, వారం పాటు ఎండకు ఆరబెట్టి, కొత్త ఎరువు కలిపి తోటకూరో, బెండో వేయండి. మంచి పాలకూర మొక్కలు రెండింటిని కోయకుండా వదిలితే ఎండలు ముదిరే వేళకు విత్తన కంకి వేస్తాయి. ఆ విత్తనాన్ని బాగా ఎండబెట్టి, పేరు, నెల రాసిన కాగితపు పొట్లంలో కట్టి, గాజు సీసాలో మూత బిగించి పెట్టుకోండి.